పరీక్షకు పది నిమిషాలు

"లెగు మేరీ, ఇంటికెల్దాం," అన్నాడు వరప్రసాదరావు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో బస్తాలు మోసే అతను, ఆ ఉచిత కంప్యూటర్ శిక్షణ కేంద్రంలోకి రావడం ఆ ఉదయం అది నాలుగోసారి.

"ఇంకో పది నిమిసాల్లో పరీచ్చ. పాసైతే ఆపీసులో ఉద్యోగం. ఉండలేవేటి?" అంది భార్య ఆరోగ్యమేరి.

అతను గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

"నాకు ఉద్యోగం వత్తే నీకేటి బాద?" అందామె.

"వత్తాదనే బయం." అతను గొంతు తగ్గించాడు. "నీ మొగుడు ఏలిముద్రగాడని తెలిత్తే అక్కడ నవ్వరా?"

ఇన్నాళ్ళూ అతను వద్దనడం కోపంతోననుకుంది ఆమె. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"పరీచ్చ అయ్యేదాకా ఆ బెంచీ మీద కూకో. తరవాత నీ పేరు రాయడం నేర్పుతాను."

అతను కూర్చున్నాడు. క్షణం ఆగి మళ్ళీ లేచి వచ్చాడు.

"నా పేరు సానా పొడుగు కదే," అన్నాడు.