నాలుగో మెట్టు దగ్గర టీ

శుక్రవారం సెమినారులో గుండుసూది బోర్డు మీద లెక్క నాలుగో మెట్టు రాసి, ఐదో మెట్టు కోసం సుద్దముక్క ఎత్తింది. గంట మోగింది. టీ వచ్చింది.

ఆ శాఖలో టీ వచ్చాక బోర్డు ముట్టుకోకూడదు. పెద్దగురువుగారి కాలం నుంచీ ఉన్న ఆచారం. వేడి టీ ముందు లెక్క ఎత్తితే ఆయనకు ఒళ్ళు మండేదట. కప్పులు ఖాళీ అయ్యేలోగా అటెండరు బోర్డు తుడిచేస్తాడు. మిగిలింది వచ్చే శుక్రవారం, మళ్ళీ మొదటి మెట్టు నుంచి.

ఇలా జరగడం ఇది మూడోసారి. తన జాతకమే అంత అనుకుంది గుండుసూది. ప్రశ్నలతో గుచ్చుతుందని సీనియర్లు ఆ అమ్మాయికి పెట్టిన పేరది.

ఆ గణిత భౌతికశాస్త్ర శాఖ మొత్తం ఒక్క ప్రశ్న మీద బతుకుతోంది. నీళ్ళలో తిరిగే సుడిని దాని మానాన వదిలేస్తే ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందా, ఎక్కడో ఒకచోట తెగిపోతుందా? నిజం నీళ్ళు కావు, కాగితం మీది నీళ్ళు. యాభై ఏళ్ళ కిందట పెద్దగురువుగారు ఈ ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయారు. అప్పటి నుంచి శాఖ మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. ఎడమకు తిరిగే సుడి మీద కొందరు డాక్టరేట్లు తెచ్చుకున్నారు, కుడికి తిరిగే సుడి మీద ఇంకొందరు. ఈ రెండు జట్లకూ మాటల్లేవు. అద్దంలో చూస్తే రెండూ ఒకటే కదా అన్నందుకు గుండుసూదితో మాట్లాడడం మానేసే విషయంలో మాత్రం ఏకమయ్యారు. అసలు తిరగని సుడి మీద ఒకాయన ప్రొఫెసరు కూడా అయ్యాడు.

స్వర్ణోత్సవం కోసం ఆ తిరగని సుడి ప్రొఫెసరే శాఖ చరిత్ర రాస్తున్నాడు. ఒక్కచోట ఆయన కలం ఆగింది. దిగిపోయే శాఖాధిపతి తన తర్వాతివారిని తానే చూపించాలన్నది నియమం. పెద్దగురువుగారు సీనియర్లందరినీ పక్కనపెట్టి, ఇంకా డిగ్రీ కూడా చేతికి రాని శిష్యుణ్ణి చూపించారు. ఆ శిష్యుడు పెద్దవాడయ్యాక అలాంటి మరో శిష్యుణ్ణే చూపించాడు. ఆ రెండో ఆయనే ఇప్పటి గురువుగారు. ఈ నెలాఖరుకు ఆయనా దిగిపోతున్నారు. ఎందుకిలా చేశారో ఎవరికీ తెలీదు. ‘గురుకటాక్షం’ అని రాసేసి ప్రొఫెసరు తర్వాతి అధ్యాయంలోకి వెళ్ళిపోయాడు.

గుండుసూది బాధ వేరు. మూడోసారి టీ తాగొచ్చిన రాత్రి ఐదో మెట్టు కాగితం మీద వేసి చూస్తే లెక్క తేలిపోయింది. సుడి తెగదు. అంతే.

తేలిన రోజు ఎగిరి గంతేసింది. మర్నాటికి భయం పట్టుకుంది. ప్రశ్నే తీరిపోతే ఇక శాఖ ఎందుకు? గురువుగారు తనను కన్నకూతురిలా చూసుకున్నారు. జ్వరమొస్తే ఆయన భార్య ఇంటికి తీసుకెళ్ళి పథ్యం పెట్టింది. అలాంటి మనిషి జీవితమంతా ధారపోసిన ప్రశ్నను తను ఒక్క పేజీతో పాతిపెట్టాలి. చెప్పకపోతే తన ఆరేళ్ళ చదువు నీళ్ళపాలు. డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ సుడిలోంచి ఎప్పుడు బయటపడతావే అంటోంది.

చివరికి మనసు గట్టి చేసుకుని గురువుగారింటికి వెళ్ళింది.

“సార్, సుడి తెగదు,” అంది గుమ్మంలోనే.

గురువుగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. కూర్చోబెట్టి ఐదు మెట్లూ చెప్పించుకున్నారు. వింటున్నంతసేపూ ఆయన చూపు గోడ మీదే ఉంది.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదండీ. అమ్మక్కూడా చెప్పలేదు. చెబితే ఇంక సంబంధాలు చూడనా అంటుంది.”

“మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“ఇంతమంది నోటి దగ్గర కూడు తీసేసినట్టవుతుందని. మీరు వద్దంటే మర్చిపోతాను సార్.”

గురువుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. తనే ఆయన్ని ఏడిపించానని గుండుసూదికీ ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే సెమినారు గదికి రమ్మని మాత్రం చెప్పి పంపించారాయన.

అందరి ముందూ చీవాట్లు పెట్టి వెళ్ళగొడతారని భయపడుతూనే వెళ్ళింది. గదిలో గురువుగారు తప్ప ఎవరూ లేరు. ముందు వరసలో ఉన్న పెద్దగురువుగారి చెక్క కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు. శాఖాధిపతి తప్ప అందులో ఎవరూ కూర్చోరు. దాన్ని నేలకు మరలతో బిగించారు. స్థిరచిత్తానికి గుర్తుగా పెద్దగురువుగారే అలా చేయించారని చరిత్రలో ఒక పేరా ఉంది.

“కూర్చో,” అన్నారు.

“మీ కుర్చీలోనా సార్?”

“వచ్చే నెల నుంచి నీదే. కూర్చుని కుడికాలు కాస్త ముందుకు పెట్టు.”

పెట్టింది. చెప్పు కింద ఏదో నొక్కుకుంది. వరండాలో గంట మోగింది. అటెండరు టీ తెచ్చాడు.

“ఎవరైనా నాలుగో మెట్టు దాటబోతే అది నొక్కాలమ్మా,” అన్నారు గురువుగారు కప్పు అందుకుంటూ, “సుడి తెగదని మా గురువుగారు తేల్చిన మర్నాడు పెద్దగురువుగారు ఆయనకు చూపించారు, నేను తేల్చిన మర్నాడు ఆయన నాకు చూపించారు.”