జారిపోయిన ప్రాజెక్టు

కొత్త సర్వర్లోకి అన్ని ప్రాజెక్టులూ వచ్చేశాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ల్యాబ్‌ది. ఆవిడ పొద్దుట్నించీ మౌస్ వదల్లేదు. వెతికిన చోటే మళ్లీ వెతుకుతోంది.

ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి ఆవిడే పెద్ద. ల్యాబ్‌లో మెషిన్లది ఒక భాష, వార్డుల్లో కంప్యూటర్లది ఇంకో భాష. మధ్యలో దుబాసీ పని చేసే సర్వర్ ఆవిడ చేతికింద నడుస్తుంది. ఏ అంకెని ఎలా మార్చి ఎవరికి చెప్పాలో ఆ దుబాసీకి గీసిచ్చిన పటాలే ఈ ప్రాజెక్టులు. ఎవరు ఏ రోజు ఏ గీత మార్చారో కూడా వాటిలోనే నమోదవుతుంది. పాత సర్వర్ ముసలిదై మూలుగుతోంది కాబట్టి అన్నింటినీ కొత్తదానికి తరలిస్తున్నారు.

మామూలుగా అయితే ఒక ప్రాజెక్టు పోతే నాలుగు తిట్లు తిని మళ్లీ గీసుకుంటారు. కానీ దీనికి ఒక మనిషి బతుకు ముడిపడి ఉంది. ఆ మనిషి ఆవిడ భర్త.

ఆయన అదే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆ మధ్య ఒక రోగి రక్తంలో చక్కెర, ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువగా వార్డులో కనబడింది. నర్సు ఆ అంకె చూసి చక్కెర తగ్గించే మందు ఎక్కించింది. రోగి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. తప్పు ల్యాబ్‌దేనని ఆయన్ని సస్పెండ్ చేశారు. తాను పంపింది సరైన అంకేనని, దారిలోనే ఏదో జరిగిందని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నా విన్న నాథుడు లేడు. మెషిన్‌లో పాత అంకెలు నిలవ ఉండవు. ఇక మిగిలిన సాక్ష్యం ఆ ప్రాజెక్టే. విచారణ చేస్తున్న పెద్ద డాక్టరు ఈ రోజు దాన్ని తెరిచి చూపించమన్నారు. చూపించలేకపోతే భర్త ఉద్యోగం పోతుంది, పైగా పోలీసు కేసు.

అందుకే ఆవిడ దాన్ని ఇంకెవరికీ అప్పజెప్పకుండా తానే తరలిస్తానంది. ఎవరూ కాదనలేదు. మొగుడి విషయం కదా, ఆ మాత్రం ఆత్రం ఉండదా అనుకున్నారు.

తీరా చూస్తే అది కొత్త సర్వర్లో లేదు. పాతదాంట్లోనూ లేదు.

"తరలించేటప్పుడు ఎక్కడో జారిపోయుంటుంది అక్కా," అంది పక్క సీటు అమ్మాయి.

ఆవిడ తలూపింది. కొన్నాళ్లుగా కంటిమీద కునుకు లేదు. వరండాలో ఎవరి చెప్పుల చప్పుడు వినబడినా తలుపు వైపు చూస్తోంది. ఇంత భయం ఆవిడ జన్మలో ఎరగదు. ఇంట్లో ఆయన ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగదు. ఆయనేమో ఖాళీగా ఉండలేక బీరువాలో బట్టలన్నీ ఇస్త్రీ చేసేసి, అవి అయిపోయాక కిటికీ తెరల మీద పడ్డారు.

పొద్దున ఆవిడ బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చారు.

"ఆ ఫైలు నీ చేతిలో పడింది కాబట్టి బతికిపోయాను. ఇంకొకళ్లయితే నాకు ఇంత నమ్మకం ఉండేది కాదు."

ఆవిడ చెప్పులు వేసుకుంటూ తల ఎత్తలేదు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు స్వయంగా వచ్చారు. ఆయన వెనకాలే భర్త, ఇస్త్రీ చొక్కాలో. ఆవిడ నిలబడి, ప్రాజెక్టు ఎక్కడా దొరకలేదని చెప్పింది. పెద్ద డాక్టరు మరీ రాతిగుండె మనిషేం కాదు. భార్యాభర్తల్ని మార్చి మార్చి చూసి, పోనీ ఇంకో రెండు రోజులు వెతకండి, ఆగుతానన్నారు.

"లేనిది రెండు రోజుల తర్వాత మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది సార్? మీరు రాయాల్సింది రాసేయండి," అంది ఆవిడ.

కట్టుకున్నవాడి కోసం కూడా గడువు అడగని ఆ నిజాయితీకి గదిలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. భర్త గోడకి ఆనుకుని, పోనీలే, నువ్వు చేయగలిగింది చేశావన్నారు. ఆ మాటకి ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

పక్క సీటు అమ్మాయి మెల్లగా నోరు విప్పింది.

"తిట్టకండి అక్కా. నాకీ తరలింపులంటే చచ్చే భయం. మొన్ననే అన్ని ప్రాజెక్టులూ నా కంప్యూటర్లో ఓ కాపీ దాచుకున్నాను. రూల్స్ ప్రకారం తప్పే, నా ఉద్యోగం ఊడినా ఊడుతుంది. కానీ బావగారిని ఇలా చూస్తూ ఊరుకోలేను."

చెబుతూనే తన సీట్లో కూర్చుని వెతికింది. కాసేపటికి ల్యాబ్ ప్రాజెక్టు గీతలతో సహా తెరమీదికి వచ్చింది. గదిలో అందరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎవరో ఆ అమ్మాయి వీపు తట్టారు. పెద్ద డాక్టరు కళ్లజోడు సరిచేసుకుని ముందుకు వంగారు. రోగికి అలా జరిగిన వారంలో మార్పులు చేసింది ఎవరో చూపించమన్నారు. అమ్మాయి ఆ పేజీ తెరవడం మొదలుపెట్టింది.

భర్త గబగబా వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్లనిండా నీళ్లు.

"చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది? దొరికిందిగా, ఇంకా భయమెందుకు?"

ఆ వారం ల్యాబ్ అంకె దగ్గర గీత తప్పుగా మార్చిందీ, నిన్న ఆ ప్రాజెక్టుని పాత సర్వర్లోంచి తన చేత్తో తుడిచేసిందీ ఆవిడే.