జూన్ ఒకటి నాటికి

గొడ్డలి కామకర్ర దెబ్బకు డ్వైట్ పెల్ఫ్రీ మోకాలు పక్కకు వంగిపోయింది.

చేతిలోని ప్లాస్టిక్ పూలతో సహా తాత సమాధి మీద పడ్డాడు.

అమెరికాలోని కెంటకీ కొండల్లో, ఏటా చుట్టాలంతా కలిసి పెద్దల సమాధులు అలంకరించే ఆదివారం. మిగతా చుట్టాలింకా రాలేదు. ఉన్నది డ్వైట్, వంశచరిత్ర పుస్తకం రాసిన అతని పెదనాన్న కూతురు వెర్నా, కామ పట్టుకున్న పొరుగువాడు ఒడెల్ గెవెడన్.

ఒడెల్ ఆ పుస్తకాన్నే ఆమె కాళ్ల దగ్గరికి విసిరాడు.

"చదువక్కా. గట్టిగా."

వెర్నా వంగి, అతను మడిచిన పేజీ తెరిచింది. "1900 జూన్ 18. జనాభా లెక్కల ప్రకారం హార్లన్ పెల్ఫ్రీ ఇంట్లోనే ఉన్నాడు."

"జూన్ ఐదున ఆ హార్లన్‌ను చంపాడనేగా, మర్నాడే మా ముత్తాతను ఉరేశారు మీవాళ్లు? చచ్చినోడు పద్దెనిమిదిన లేచొచ్చి లెక్కలాయనకి కాఫీ పోశాడా?"

"పోయి మీ ముత్తాతనే అడుక్కోరా," మూలిగాడు డ్వైట్.

రెండో దెబ్బ అతని కుడి మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు.

మూడో దెబ్బకు కామ అతని తల మీదికి లేచింది.

"తేదీ నేనే తప్పు రాశాను!" వెర్నా అరిచింది. "పద్దెనిమిది లెక్కలాయన గడప తొక్కిన రోజు. జూన్ ఒకటి నాటికి ప్రాణంతో ఉన్నవాళ్లందరినీ రాయాలని రూలు. ఆ తర్వాత పోయినా సరే, రాయాల్సిందే."

"తమ్ముడి తల పగలబోతుంటే రూళ్లు గుర్తొస్తున్నాయా?"

"ఎదురు పేజీలో అసలు కాగితం ఫొటో ఉంది. హార్లన్ పేరు కింద, పక్కింట్లో ఎవరున్నారో చూడు."

ఒడెల్ కామ ఎత్తిపట్టుకునే వంగాడు. కోడిగీతల్లాంటి పాత రాతలో వేలితో వెదికాడు.

ఈలై గెవెడన్. వయసు ముప్పై నాలుగు.

"జూన్ ఆరున ఉరికి వేలాడిన మీ ముత్తాత ఈలై, పద్దెనిమిదిన ఇంట్లో ఎలా ఉన్నాడురా?"

కామ మెల్లగా దిగింది.

ఒడెల్ పుస్తకంతో గడ్డిలో కూలబడ్డాడు.

"అయితే... చంపింది మావాడేనా?"

"అది లెక్కల్లో రాయరు."

ఒడెల్ వీపు వెనక, డ్వైట్ ఎడమచెయ్యి నడుం దగ్గరి పిస్తోలు మీదికి పాకింది.

వెర్నా ఆ చేతి మీద బూటు పెట్టి బరువంతా మోపింది. వేళ్లు విరిగినా తియ్యలేదు.

"అక్కా!" గావుకేక పెట్టాడు డ్వైట్.

ఒడెల్ తల ఎత్తలేదు. ఈలై భార్య పేరు, పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటున్నాడు.