బావమరిదిని కాస్త జరపండి

“ఈ బావమరిదిని కాస్త పక్కకు జరిపి, ఆ జాగాలో నన్ను నిలబెట్టమ్మా,” అన్నాడు పెద్దాయన, పెన్‌డ్రైవ్ బల్లమీద పెడుతూ.

అతుకులక్క చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒక ఫొటోలోని మనిషిని తెచ్చి ఇంకో ఫొటోలో అతకడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. మాటల్లేని అన్నదమ్ముల్ని ఒకే సోఫాలో కూర్చోబెట్టింది. గడప దాటని వాళ్ళను మంచుకొండల మీద నిలబెట్టింది. పోయినేడాది మాత్రం ఒకాయన్ని, అడిగాడు కదా అని, పక్కింటివాళ్ళ స్థలంలో దర్జాగా నిలబెట్టి ఇచ్చింది. ఆ ఫొటో కాస్తా కోర్టు మెట్లెక్కింది. దాని వెనకాలే ఆమె కూడా ఎక్కింది. “ఇంకోసారి ఇలాంటిది జరిగితే కొట్టు మూసేసి ఇంట్లో కూర్చో,” అని భర్త ఖరాఖండిగా చెప్పేశాడు. అప్పట్నుంచీ ఆమెకు తాడు కనబడినా పామే.

“ఎందుకు బాబాయ్?” అంది, మామూలుగా అడుగుతున్నట్టు.

“రేపు మా అమ్మాయి పెళ్ళి. హాల్లో పెద్ద తెర మీద దాని చిన్నప్పటి ఫొటోలు వేస్తారట. కన్నతండ్రిని, ఒక్కదాంట్లోనైనా కనబడకపోతే వియ్యాలవారి ముందు నా పరువేం కావాలి?”

“ఒక్కదాంట్లోనూ లేరా?”

“లేనమ్మా. కావాలంటే చూడు.”

చూసింది. పిల్ల సైకిల్ తొక్కుతోంది. పిల్ల గౌను ఎత్తిపట్టుకుని సముద్రపు నీళ్ళలో గెంతుతోంది. పిల్ల బోసినోటితో కేకు మీద కొవ్వొత్తులు ఊదుతోంది. ఒక పక్కన తల్లి. రెండో పక్కన, ఏ ఫొటో తెరిచినా, ఒక కోరమీసాల మనిషి. సైకిల్ సీటు పట్టుకున్నది ఆయనే. భుజాలమీద మోసింది ఆయనే. మూతికంటిన క్రీము తుడుస్తున్నదీ ఆయనే.

ఈ పెద్దాయన జాడ మాత్రం దుర్భిణీ వేసి వెతికినా లేదు.

“ఈ మీసాలాయనేనా మీ బావమరిది?”

“వాడే. ఫొటో అంటే చాలు, పిలవకముందే వచ్చి నిలబడతాడు.”

బావమరిదట! కూతురి బాల్యమంతా వెతికినా కనబడని తండ్రి ఎక్కడైనా ఉంటాడా? అతుకులక్క మనసులో తీర్పు ఇచ్చేసుకుంది. తండ్రి ఆ మీసాలాయనే. ఈయనెవరో ఏదో ఎత్తు వేసుకునే వచ్చాడు. రేపు అంత పెద్ద తెర మీద తల్లి పక్కన ఈ మొహం పడితే, పెళ్ళిపీటల మీద ఆ పిల్ల గతేమిటి?

అయినా బయటపడలేదు. గుట్టు తెలిసేదాకా పని చేస్తున్నట్టే ఉందామనుకుంది.

పార్కులో తీసిన ఫొటో ఒకటి తెరిచింది. మీసాలాయన్ని చుట్టూ కత్తిరించి, వేరే లేయరుగా విడదీసి, పక్కకు నెట్టింది. ఆయన నిలబడ్డ చోట ఆకులూ పూలూ నింపింది. కింద గడ్డి మీద ఎవరిదో తల నీడ అడ్డంగా పడి ఉంటే, అలవాటుకొద్దీ దాన్నీ తుడిచేసింది. పెద్దాయన ముందుకు వంగి ఏదో అనబోయి ఆగిపోయాడు. అది కూడా ఆమె కళ్ళు దాటిపోలేదు.

తర్వాత ఆయన ఫోన్‌లో కొత్తగా దిగిన ఫొటో తెరిచి, ఆయన్ని కత్తిరించి, పార్కు ఫొటోలోకి లాక్కొచ్చి వదిలింది. ఫోన్ ఫొటో మహా పెద్దది. పాతదేమో చిన్నది. ఆయన వచ్చి పడేసరికి చెట్లూ, ఆకాశం, భార్యా, కూతురూ అంతా ఆయన చొక్కా వెనక్కి వెళ్ళిపోయారు.

“అమ్మో, తగ్గించమ్మా! అంత తండ్రి దానికి అక్కర్లేదు,” అంటూ పెద్దాయన పకపకా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. లేయరు మూల పట్టుకుని తగ్గిస్తూ వల విసిరింది.

“మీ ఆవిడ మీకు ఎంతవరకూ వస్తారు?”

“చెవి దాకా. ఆ రోజు ఎత్తు చెప్పులు వేసుకుంది కదా, కణత దాకా పెట్టు.”

ఫొటోలో ఆవిడ కాళ్ళు పూలమొక్కల వెనక ఉన్నాయి. చెప్పులు కనబడనే కనబడవు. మరి ఈయనకెలా తెలిసింది?

“వీళ్ళంతా దేన్ని చూసి ఇంతలా నవ్వుతున్నారు?”

“దేన్నో ఎందుకు, నన్ను చూసే!”

ఇక ఆమె వల్ల కాలేదు. మౌస్ వదిలేసి కుర్చీ ఆయనవైపు తిప్పింది. బాబాయ్ పోయి సార్ వచ్చాడు.

“చూడండి సార్. ఆవిడ చెప్పులతో సహా తెలుసంటున్నారు. మిమ్మల్ని చూసే నవ్వారంటున్నారు. ఫొటోల్లో చూస్తే మీసాలాయన తప్ప మీరు ఎక్కడా లేరు. రేపు ఆ పిల్ల నలుగురిలో తల దించుకునేలా చేసి, ఆ పాపం నేను మూటగట్టుకోలేను. నిజం చెబితేగానీ ఈ ఫైలు మీ చేతికివ్వను. వీళ్ళంతా ఇక్కడుంటే, మీరు ఎక్కడున్నారు?”

పెద్దాయన తెల్లబోయాడు. తెరవైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి చూశాడు.

“నేను కూడా వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడిపోతే, కెమెరా ఎవరు పట్టుకోవాలమ్మా?”