వంతెన సీను

సినిమా మళ్ళీ వచ్చింది. పన్నెండేళ్లు నిండాయని కొత్త ప్రింటు వేసి, ఒక్క వారం ఆడిస్తున్నారు.

చూపించమని పిట్ట అప్పట్నుంచీ మేస్త్రీ ప్రాణం తోడేస్తోంది. దాని వయసూ ఆ సినిమా వయసూ ఒకటే. పుట్టగానే తండ్రి ముద్దుగా పిట్ట అన్నాడు, అదే ఖాయమైపోయింది. తరగతిలో అందరూ చూసేశారట.

"మా నాన్న పనిచేసిన సినిమా నేనొక్కదాన్నే చూడలేదంటే అందరూ నవ్వుతున్నారు," అని మూతి ముడుచుకుంది.

మేస్త్రీ తలూపాడు.

ఇళ్లలో నేలకి టైల్స్ పరచడం అతని పని. అంతకుముందు సినిమాల్లో ఉండేవాడు. ఏం పని చేశావని పిట్ట అడిగితే, "సామాన్లు మోసేవాణ్ణి," అని ఊరుకుంటాడు. ఈ సినిమా తర్వాత అటువైపు తలెత్తి చూడలేదు. నేల పనిలో ఒక సుఖం ఉంది, ఎంత వంగినా కింద నేలే ఉంటుంది. మెట్ల మీద పని మాత్రం ఇంకెవరికైనా అప్పగిస్తాడు. అడిగినవాళ్లకి మోకాళ్ల నొప్పులంటాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఇద్దరూ తయారయ్యారు.

"నువ్వూ రావే అమ్మా," అంది పిట్ట.

"నాకా గోల పడదు. తలనొప్పొస్తుంది."

అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఒకే చొక్కాని మూడుసార్లు విప్పి మళ్ళీ మడతపెట్టింది. మేస్త్రీ వంక చూడకుండానే, "మీరు చూడగలరా?" అంది.

"పిల్ల అడిగింది కదా," అన్నాడతను చెప్పులు వేసుకుంటూ.

హాలు గుమ్మం దగ్గర టికెట్లు చింపే ముసలాయన పిట్ట నవ్వు చూసి ముచ్చటపడ్డాడు.

"ఒక్క బుగ్గకే సొట్ట! ఎవరి పోలికమ్మా? నాన్నదేనా?"

"అవును. అంతా తండ్రి పోలికే," అన్నాడు మేస్త్రీ.

ముసలాయన మేస్త్రీ బుగ్గలకేసి చూశాడు. అవి నవ్వి చాలా కాలమైనట్టుంది. సొట్ట ఉన్నదీ లేనిదీ తేలలేదు.

హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. తెరమీద పేర్లు పడుతుండగానే ఈలలు. నార్స్ పురాణాల్లోంచి అల్లిన కథ అది. మంచు దేశపు దేవుళ్లు, ఒంటికన్ను రాజు, సూర్యుణ్ణి మింగాలని తిరిగే తోడేలు. హీరో ఏమో ఇంద్రధనుస్సు వంతెనకి కాపలా కాసే దేవుడు.

"ఆయనకి గడ్డి పెరిగే చప్పుడు కూడా వినపడుతుందట నాన్నా!" పిట్ట చెవిలో గుసగుసలాడింది.

"మరి నిద్రెలా పడుతుంది?"

"దేవుడికి నిద్రెందుకు? నీకూ పట్టదని అమ్మ చెప్పిందిగా. అయితే నువ్వూ దేవుడివే!" అని కిసుక్కున నవ్వింది.

మేస్త్రీ తెరవైపే చూస్తున్నాడు. జనం నవ్వినచోట నవ్వు రాలేదు. జనం ముక్కు చీదినచోట కళ్లు తడవలేదు. అంతా పక్కింట్లో జరుగుతున్న పెళ్లిలా వినిపిస్తోందతనికి.

వంతెన సీను వచ్చింది.

హీరో వంతెన అంచున నిలబడ్డాడు. భుజాన నీలం వస్త్రం రెపరెపలాడుతోంది. కింద అంతా పొగమంచు. ఒక మాట అన్నాడు, వెనక్కి తిరిగాడు, దూకాడు. పడుతున్నంతసేపూ వీపే కనిపిస్తుంది. అక్కడ పాట లేదు, డప్పు లేదు. ఉత్త గాలి చప్పుడు.

మేస్త్రీ కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుందని అతనికి తెలుసు. అరచేతులు తొడల మీద బోర్లించి కూర్చున్నాడు. ఏదో ఒకటి వస్తుందని చూశాడు, ఏడుపో, వణుకో. ఏదీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలుని తడిమి చూసుకున్నట్టు లోపలంతా తడిమి చూసుకున్నాడు, అంతే.

తర్వాతి షాట్‌లో హీరో నేలమీంచి లేచాడు. నుదుటిమీద చిన్న గీత. హాలంతా లేచి నిలబడింది. కాగితం ముక్కలు ఎగిరాయి. పిట్ట కుర్చీ ఎక్కి రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. ఆ విద్య ఎప్పుడు నేర్చిందో మేస్త్రీకి తెలీదు.

"చూశావా నాన్నా ఎలా దూకాడో! ఉత్తుత్తి దూకుడులా లేనే లేదు. నిజంగా పడిపోయినట్టే ఉంది!"

"దిగు. పడతావ్."

పిట్ట మణికట్టు పట్టుకున్నాడు.

"అబ్బ! నొప్పి నాన్నా."

అతను వదల్లేదు. అది కిందికి దిగి, కుర్చీలో కుదురుగా కూర్చున్నాక కూడా చాలాసేపు వదల్లేదు.

ఆట అయ్యేసరికి బయట ఇంకా ఎండ ఉంది. పిట్ట ఫుట్‌పాత్ అంచున నిలబడి, చున్నీ భుజానికి తగిలించుకుని, జానెడెత్తు నుంచి రోడ్డు మీదకి దూకింది. దూకి లేచింది. మళ్ళీ ఎక్కింది. మేస్త్రీ పక్కనే చేతులు చాచి నిలబడ్డాడు. దారినపోయేవాళ్లు చూసి నవ్వుకున్నారు.

"ఆ ఒక్క సీను కోసమే ఇంకోసారి చూడొచ్చు. రేపు స్కూలయ్యాక మళ్ళీ వద్దామా?"

"వద్దాం."

పిట్ట ఆశ్చర్యంగా చూసింది. "నీక్కూడా అంత నచ్చిందా?"

మేస్త్రీ దాని జుట్టులో చిక్కుకున్న కాగితం ముక్క తీసి పారేశాడు.

పన్నెండేళ్ల కిందట హీరోకి బదులుగా ఆ వంతెన మీంచి దూకి మళ్ళీ లేవనివాడు పిట్టని కన్న తండ్రి. అతని నడుముకి కట్టిన తాడు రెండో కొస పైన పట్టుకున్నవాడు మేస్త్రీ.