రుచి చూడని వంటమనిషి

“ముందు ఆ గ్లౌజులు తొడుక్కో. తర్వాత లోపలికి రా.”

గుమ్మంలో నిలబడ్డ విమలమ్మ తొడుక్కుంది.

ప్రణీతకు పొద్దుటి నుంచీ అందరి మీదా మంటగానే ఉంది. మూడు రోజుల జలుబుకు ముక్కూ నాలుకా రెండూ పడకేశాయి. ఉప్పేదో పంచదారేదో తెలియడం లేదు.

జబ్బుపడడానికి వేరే రోజే దొరకలేదు!

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన ఆర్నెల్లకు దొరికిన మొదటి అవకాశం ఇది. సురంగల్ దారిలో రిసార్టు పెట్టిన సీతారామారావు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. తను వండిపెట్టే స్కాలప్స్, అంటే సముద్రపు చిప్పల మాంసం, నచ్చితే అక్కడ ఆదివారాల వంట మొత్తం ఆమె చేతికే వస్తుంది.

కొచ్చి నుంచి మంచుపెట్టెలో వచ్చినవి పదమూడే. చెడగొడితే మొయినాబాద్ అంతా గాలించినా ఇంకొకటి దొరకదు.

రుచి చూసి చెప్పే వంటమనిషి కావాలంటే, వాచ్‌మన్ ఎల్లేశ్ తన ఊరు ఆలూరు నుంచి ఈవిడను పిలిపించాడు.

“వీటిని ఎప్పుడైనా చూశావా?”

“ఆల్చిప్పల మాంసమే గద మేడం. పట్నంల పెద్ద హోటల్ల పన్నెండేండ్లు చేసిన.”

కోతలు కోస్తోంది అనుకుంది ప్రణీత. తనకు గురువు ఫోనే. స్కాలప్స్ కాల్చే వీడియో ఒకటి ముప్పైసార్లు చూసింది. అందులో ముఖం కనిపించదు, మాట వినిపించదు. పెనం, రెండు చేతులు, అంతే.

విమలమ్మ ఒక్కోదాన్నీ గుడ్డ మీద పరిచి తడి అద్దింది. పెనం పొగలొచ్చేదాకా కాచి, ఒకే ఒక్కటి వేసింది.

“అన్నీ వేసెయ్యక, ఒక్కదానికి ముహూర్తం చూస్తున్నావేంటి?”

“గుంపుగ ఏస్తె నీళ్లిడుస్తయి మేడం. రబ్బరైతయి. జర ఓపిక పట్టుండ్రి.”

ఒకటిన్నర నిమిషానికి తిప్పింది. బంగారు రంగు తేలింది. వెన్న వేసి, వేలితో నొక్కి చూసి పళ్లెంలోకి తీసింది.

“తిని చెప్పు. ఉప్పు సరిపోయిందా?”

“నేనివి తిన మేడం.”

“తినవా?”

“మేం శనివారం గుడికి పోయెటోళ్లం. నీళ్లల్ల బతికెటియి రెక్కలు, పొలుసులు లేకుంటె తినొద్దని బైబిల్ల రాసున్నది.”

“ఎదురింటి షారోన్ వాళ్లదీ బైబిలే. రొయ్యలు కిలోల లెక్కన లాగించేస్తారు!”

“ఎవలి నేమం వాళ్లది మేడం. ఎల్లేశ్‌ను పిలుస్త, తిని చెప్తడు. హోటల్ల గూడ గంతే, పక్కోళ్లకు తినిపించి అడిగెటిదాన్ని.”

ప్రణీతకు ఒళ్లు మండిపోయింది.

“నాకు కావాల్సింది నీ నాలుక, ఎల్లేశ్ నాలుక కాదు! నువ్వు నోట పెట్టనిది మా అతిథికి పెట్టాలా? ఏం కలిపావు ఇందులో?”

విమలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“గంత మాట అనకుండ్రి మేడం.”

“తింటావా, పోతావా?”

విమలమ్మ గ్లౌజులు తీసి గట్టు మీద పెట్టింది. వంకర తిరిగిన చిటికెన వేలితో కళ్లు తుడుచుకుంది.

“పెనం మంచిగ కాగినంకనే ఏయుండ్రి” అని చెప్పి మరీ వెళ్లింది.

“నీ సలహాలు నాకక్కర్లేదు!”

ఆ కోపంలోనే ప్రణీత మిగిలిన పన్నెండూ ఒకేసారి పెనంలో కుమ్మరించింది. నీళ్లు ఊరాయి. అవి ఇంకేసరికి ముక్కలు బిగుసుకుపోయాయి.

భర్త వెంకటరమణ వెంట సీతారామారావు రానే వచ్చాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. చివరికి మంచినీళ్లతో మింగాడు.

మొహమాటానికి పక్క పళ్లెంలో ఉన్న ఒంటరి ముక్కనూ తీసుకున్నాడు. నమలడం ఆపి, దాన్ని ఎగాదిగా చూశాడు.

“చల్లారినా ఎంత మెత్తగా, తియ్యగా ఉందమ్మా! ఇది చేసిందెవరు?”

ప్రణీత వంటింటి వైపు చూసింది.

“వాళ్లెవరో చెప్పండి. ఆదివారాలు వాళ్లకే ఇస్తాను” అన్నాడాయన.

ప్రణీత గేటు దగ్గరికి పరిగెత్తింది.

“ఏడ్సుకుంట చేవెళ్ల బస్సెక్కింది మేడం” అన్నాడు ఎల్లేశ్. అతని గొంతులోనూ కోపమే. “ఇంక ఈ గడప తొక్కనన్నది. తనను మళ్ల పిలువొద్దని నాకు గూడ చెప్పింది.”

అతిథి వెళ్లిపోయాక ప్రణీతకు తన మీద తనకే అసహ్యం వేసింది. తప్పెక్కడ చేసిందో చూద్దామని ఆ వీడియో మళ్లీ పెట్టింది.

ఎప్పుడూ ముక్క రంగు మీదే ఉండే ఆమె కళ్లు ఈసారి చేతుల మీదికి వెళ్లాయి.

గుడ్డ మీద తడి అద్దాయి. ఒకే ఒక్కటి వేశాయి. వేలితో నొక్కి చూశాయి.

మొదటి ముక్కను పక్కనున్న ఎవరికో తినమని అందిస్తున్న ఆ చేతికి, చిటికెన వేలు వంకర తిరిగి ఉంది.