గోడలో చెయ్యి

అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా? ఇరవై ఎనిమిదేళ్లుగా యాకుమీని వదలని సందేహం ఇది. ఈసారి ఈస్టర్ ఉపవాసాల్లో, పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లినప్పుడు, లినార్దోస్ ఫాదర్‌ని అడిగేశాడు.

ఫాదర్ గడ్డం నిమురుకున్నాడు. "ఆవిడ నిన్ను అడగలేదంటావు."

"ఒక్కసారి కూడా లేదు ఫాదర్."

"సరే, ఆవిడ అడగలేదు. పైనున్నాయన అడుగుతాడు. అప్పుడేం చెబుతావో ఇప్పుడే చూసుకో."

ఇల్లు కట్టుకునేటప్పుడు యాకుమీ పారకు పునాదిలో ఒక చలువరాతి చెయ్యి తగిలింది. మోచేతి నుంచి వేళ్లదాకా ఉంది, అరచేతిలో దానిమ్మపండు. ఎవరిదో చూడగానే తెలిసింది. రేవు పక్క మ్యూజియంలో రెండున్నర వేల ఏళ్లనాటి అమ్మాయి విగ్రహం ఉంది. దీవిలో అందరికీ అది 'మన చేయిలేని పిల్ల'. ఇచ్చేస్తే ఆ పిల్లకి చెయ్యి వస్తుంది, యాకుమీకి ఇల్లు పోతుంది. పక్కింటి జంబేతా తన స్థలంలో రాతి పాదం దొరికిందని నిజాయితీగా చెప్పింది. మర్నాడే తవ్వకాల కోసమని ఇంటి చుట్టూ సర్కారు కంచె పడింది. పదకొండేళ్లు ఆ కుటుంబం రొట్టెల కొట్టు మీది గదిలో ఉడికిపోయింది.

అప్పటికి యాకుమీ భార్య కలిరోయి ఒళ్లో నెలల పిల్ల, అనెజినా. అతను చేతిని గోనెసంచిలో చుట్టి, ఇంటికి రంగులు వేస్తున్న ఆ కొన్నాళ్లూ ఇంట్లోనే అటూ ఇటూ దాచాడు. చివరికి వంటింటి గోడలో పెట్టి పూడ్చేశాడు.

పోలిక్సేని ఏథెన్స్ నుంచి ఆ దీవి మ్యూజియంలో ఉద్యోగానికి వచ్చింది కూడా ఆ ఏడే. పాత శిల్పాలు చదువుకున్న మనిషి. ఊళ్లో అందరికంటే ముందు వీళ్లతోనే కలిసిపోయింది, పసిదాన్ని ఎత్తుకుని ఆడించేది. ఉలి గీతల మీద కళ్లు మూసుకుని వేళ్లు ఆడించి, చెక్కినవాడు ఎడమచేతివాటం వాడో కాదో చెప్పేది. పనికిరావని మూల పోసిన రాతి ముక్కల్లోంచి పన్నెండేళ్లకు ఒక గుర్రాన్ని లేపి నిలబెట్టింది. ఎక్కడెక్కడి పండితులో ఉత్తరాలు రాసి ఆమెను అడిగేవారు. ఆమె మాత్రం అవే బూట్లతో, అదే టోపీతో కొండలెక్కి తిరిగేది.

చేయిలేని పిల్ల మీద పెద్ద పుస్తకం రాసింది. భుజం తిరిగిన తీరును బట్టి, ఆ పిల్ల చెయ్యి చాపి ఎవరికో దానిమ్మపండు ఇస్తోందని అందులో తేల్చింది. ఏథెన్స్‌లో పెద్ద పదవి ఆమెకే వస్తుందనుకున్నారు. నిండు సభలో ఆ పదవికే పోటీపడుతున్న ఒకాయన లేచాడట. "భుజం చూసి పండు చెప్పారు, బాగుంది. చూపించడానికి ఏమైనా ఉందా?" అన్నాడట. ఆమె కాసేపు ఊరికే నిలబడి, చూపించడానికి ఏమీ లేదని కూర్చుందట. పదవి ఆయనకే వెళ్లింది.

అది విన్న రోజున యాకుమీ వంటింటి గోడకి ఇంకో పూత సున్నం వేశాడు.

ఆమె మాత్రం ఏటా ఈస్టర్ మర్నాడు వచ్చేది. ఆ వంటింట్లోనే, ఆ గోడకే వీపు ఆనించి కాఫీ తాగేది. "యాకుమీ, ఈ గోడకి ఏటేటా ఎంత సున్నం తాగిస్తావయ్యా? ఇల్లు లావెక్కిపోతోంది," అని నవ్వేది. యాకుమీ పండక్కి రంగేసిన ఎర్ర గుడ్ల గిన్నె ముందుకు తోసేవాడు.

ఇప్పుడామె ఉద్యోగం అయిపోయింది. గురువారం పడవకి శాశ్వతంగా వెళ్లిపోతోంది. బుధవారం పొద్దున్నే యాకుమీ సుత్తి తీశాడు. కలిరోయి గోడకు అడ్డం నిలబడింది. ఇల్లంతా తవ్వుతారని, ఈ వయసులో అద్దె గదిలో ఉండలేనని ఏడ్చింది.

"ఆవిడకి తెలిసుంటే ఇన్నేళ్లు మన గుమ్మం తొక్కేదా? తెలియనట్టే పోనివ్వు," అంది.

"నా గోడ కోసం ఆవిడ నలుగురిలో తలొంచుకుంది, కలిరోయీ."

ఆమె గోడ ముందు నుంచి పక్కకు జరిగింది. తర్వాత లోపలికి వెళ్లి తను నేసుకున్న దుప్పటి తెచ్చింది. చలువరాయి జారుతుంది, గట్టిగా కట్టమంది.

మ్యూజియంలో పోలిక్సేని పుస్తకాలు సర్దుకుంటోంది. విరిగిన విగ్రహాలు అతికే మార్కెలోస్ పెట్టెలకు తాళ్లు కడుతున్నాడు. యాకుమీ మూటను బల్ల మీద పెట్టాడు.

"ప్రొఫెసరమ్మా, మా పునాదిలో దొరికింది. ఆ పిల్ల చెయ్యి. ఇన్నాళ్లూ మా గోడలో ఉంది. మీకు నేను పడ్డ బాకీ ఇదొక్కటే."

పోలిక్సేని కుర్చీలో కూర్చుంది. దుప్పటి మీద అరచెయ్యి ఆనించింది.

"ఇల్లో?" అని అడిగింది.

"ఏమైతే అదవుతుంది."

"అనెజినాకి ఇరవై ఎనిమిది నిండాయి కదూ?"

"నిండాయమ్మా. దాని కాపురం అది చేసుకుంటోంది."

ఆమె తలూపి కళ్లద్దాలు తుడుచుకుంది. మార్కెలోస్ వైపు తిరిగింది.

"సున్నం మెల్లగా తీయి నాయనా. చిటికెనవేలు కొస విరిగి ఉంటుంది. బొటనవేలి మీద నీలం చుక్క ఉంటుంది, అప్పట్లో వీళ్లింటి కిటికీలకు రంగు వేస్తుంటే పడింది. దాన్ని మాత్రం తుడవకు."

మూట ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.